కొవ్వొత్తి డైలకి తెల్ల పొడి ఎందుకు పట్టింది: తిరువొత్తియూర్ ఇంటి యూనిట్ కేసు మొత్తం

చెన్నై తిరువొత్తియూర్‌లో, సముద్రానికి బాగా దగ్గర్లో, మేడ మీద రేకుల షెడ్డులో కొవ్వొత్తులు పోసే ఒక అక్క యూనిట్ ఇది. నాది డైలు, అంటే పోత పోసే అచ్చులు, రిపేరు చేసే పని. అంబత్తూరులో టూల్‌రూమ్‌లో చాలా ఏళ్లు చేసి ఇప్పుడు కొళత్తూరులో ఇంటి వెనకే చిన్న షాపు పెట్టుకున్నా, ఒక మిల్లింగ్ మెషిన్, ఒక డ్రిల్లు, ఒక బఫింగ్ మోటారు, అంతే. ఇంట్లో అల్యూమినియం అచ్చులు పెట్టుకుని కొవ్వొత్తులో, చేపలు పట్టే ప్లాస్టిక్ ఎరలో పోసుకునేవాళ్లు నా దగ్గరికి తెచ్చే కంప్లయింట్ ఎప్పుడూ ఒకటే, తెల్లగా బూజు పట్టింది ఏం స్ప్రే కొట్టాలి అని. స్ప్రే పేరు చెప్పేస్తే రెండు నిమిషాల పని. కానీ ఈ కేసులో స్ప్రేతో పోయే రోగం ఒక్కటి కూడా లేదు, అందుకే మొదటి నుంచి రాస్తున్నా.

అక్క దగ్గర మొత్తం 11 డైలు. అందులో 8 పోత డైలు, అంటే స్క్రాప్ అల్యూమినియం కరగబోసి చేసి లోపల మెషినింగ్ చేసినవి, మిగతా 3 కొత్తవి, 6061 అనే రకం అల్యూమినియం ప్లేటు నుంచి కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషిన్‌లో కోసినవి. అన్నీ రెండు సగాలుగా విడిపోయేవే, సగాలు సరిగ్గా కుదిరేలా పట్టే ఉక్కు డోవెల్ పిన్నులు, పక్కన ఇత్తడి కీలు, బిగించడానికి వింగ్ నట్టు. 58-60 డిగ్రీల దగ్గర కరిగే పారాఫిన్ మైనం, అందులో కొంచెం స్టియరిక్ యాసిడ్, కొవ్వొత్తి గట్టిగా రావడానికి కలిపేది. ఆర్డర్లు రెండు సీజన్లలో వస్తాయి. బెసంట్ నగర్ వేళాంగణ్ణి గుడి పండగ ఆగస్టు 29 నుంచి సెప్టెంబర్ 8 దాకా, ఆ తర్వాత క్రిస్మస్. మధ్యలో అక్టోబర్ నుంచి మొదలయ్యే ఈశాన్య రుతుపవనం వానలు. ఈ క్యాలెండర్ గుర్తు పెట్టుకోండి, సగం కథ ఇందులోనే ఉంది.

కంప్లయింట్ మూడు ముక్కల్లో ఉంది. ఒకటి, డైల మీద తెల్ల పొడి, గోకితే కింద చిన్న చిన్న గుంటలు. రెండు, తెల్ల కొవ్వొత్తి మీద బూడిద రంగు గీతలు, కస్టమర్ వాపస్ ఇచ్చేస్తున్నాడు. మూడు, కొవ్వొత్తి అచ్చులోంచి ఊడకుండా పట్టేసుకోవడం. అక్క అప్పటికే తీర్పు చెప్పేసుకుంది.

"తమ్ముడూ, కొత్త డైలకి కూడా ఇదే గతి అంటే మెటల్లోనే కల్తీ ఉంది, లేదంటే ఈ స్టియరిక్ యాసిడ్ తినేస్తోంది. పేరులోనే యాసిడ్ ఉంది కదా!"

"ఉండక్కా, ముందు డైలు అన్నీ విప్పి వరసగా పెట్టు, ఏదీ కడగొద్దు, తుడవొద్దు."

మచ్చ ఎక్కడుందో చూడటం

నేను ఏ కేసులో అయినా చేసే మొదటి పని ఇదే, కడగక ముందే మచ్చల్ని ఫోటో తీసుకోవడం. కడిగేస్తే సాక్ష్యం పోతుంది. టార్చ్ పక్కనుంచి వాల్చి కొట్టి, పది రెట్లు పెద్దగా చూపించే లెన్సుతో ఒక్కో సగం చూశా.

మొదట కనిపించింది, ఏ డైలోనూ లోపల మైనం పోసే గాడికి తెల్ల పొడి పట్టలేదు. రంగు మాసింది కానీ పొడి లేదు. పొడి అంతా బయట, కింది పాదాల దగ్గర, రెండు సగాలు కలిసే ముఖాల మీద. స్టియరిక్ యాసిడ్ దోషి అయితే మైనం తగిలే చోటే ముందు పాడవ్వాలి, ఇక్కడ మైనం తగిలిన చోట పొడి లేదు, తగలని చోటే ఉంది. దాంతో ఆ అనుమానం అక్కడే పోయింది. స్టియరిక్ చాలా బలహీనమైన యాసిడ్, అల్యూమినియం అచ్చుల్లో స్టియరిక్ కలిపిన మైనం పోయడం ఎక్కడైనా జరిగే పనే.

రెండోది, కలిసే ముఖాల మీద మచ్చలకి ఒక ఆకారం ఉంది. గీతలు గీతలుగా, మడతలు మడతలుగా. ఒక సగం మీద జాగ్రత్తగా చూస్తే తమిళ పేపర్ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి లేత బూడిద రంగులో పడి ఉన్నాయి. అంటే రెండు సగాల మధ్య న్యూస్ పేపర్ పెట్టి, వింగ్ నట్ బిగించి, బీరువా కింద తోసేశారు. ఆ పేపర్ వానాకాలం అంతా తేమ పీల్చి అక్కడే పట్టుకుని కూర్చుంది.

మూడోది అసలు విషయం. 4 పోత డైలకి పక్కల మీద అడ్డంగా ఒక గీత, పాదం నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో, గీత పైన శుభ్రం, గీత కింద గుంటలు. పాదం అంచున అర్ధచంద్రంలా వరసగా గుంటలు, చీర కుచ్చుకి పూసలు కుట్టినట్టు, ఒక్కోటి గుండుసూది తల అంత, ప్రతి దాంట్లో తెల్ల జిగురు ఎండిపోయి ఉంది. సూదితో ఆ తెల్లదాన్ని తీస్తే అడుగున ఎర్రటి రంగు చుక్క. అల్యూమినియంలో ఎర్రటి రంగు ఎక్కడిది? తుప్పు అయితే ఇంకా గోధుమ రంగులో ఉంటుంది, ఇది రాగి రంగు.

"అక్కా, డైలు చల్లబెట్టేది ఎక్కడ?"

షెడ్డు మూల చూపించింది. అత్తగారి నాటి రాగి గంగాళం, నిండా బోరు నీళ్లు.

ఎందుకు పాడవుతోంది

ఇక్కడ అల్యూమినియం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అందరూ దీన్ని ఇనుములా చూస్తారు. అల్యూమినియం ఎప్పుడూ ఆక్సైడ్‌తోనే ఉంటుంది. కోసిన మరుక్షణమే గాలి తగిలి నానోమీటర్లలో కొలిచేంత పల్చటి ఆక్సైడ్ పొర వచ్చేస్తుంది, అదే దాన్ని కాపాడేది, దాన్ని మనం ఆపలేం, ఆపకూడదు కూడా. మనకి కావాల్సింది ఆ పొర చెడిపోకుండా చూసుకోవడం. ఆ పొర సుమారు 4 నుంచి 8.5 పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) మధ్య నీళ్లల్లో నిలబడుతుంది. అంతకన్నా ఆమ్లం ఎక్కువైనా, క్షారం ఎక్కువైనా కరిగిపోతుంది. పీహెచ్ సరిగ్గా ఉన్నా ఉప్పులోని క్లోరైడ్ దాన్ని అక్కడక్కడ చిల్లులు పొడుస్తుంది, ఆ చిల్లుల్లో మొదలయ్యేదే గుంట. ఇక పక్కన రాగి గానీ ఇత్తడి గానీ ఉండి మధ్యలో ఉప్పు నీళ్లు ఉంటే అది బ్యాటరీ అయిపోతుంది, తినబడేది మాత్రం అల్యూమినియమే.

రాగి పాత్రతో ఇంకో తిప్పలు ఉంది. డై గంగాళం గోడకి తగలకపోయినా సరే, నీళ్లల్లోకి రాగి కొద్దికొద్దిగా దిగుతూ ఉంటుంది, ఆ కరిగిన రాగి వెళ్లి అల్యూమినియం మీద చుక్కలుగా అతుక్కుంటుంది, ఒక్కో చుక్క ఒక్కో చిన్న బ్యాటరీ. గుంట అడుగున నాకు కనిపించిన ఎర్ర చుక్క అదే. గోడకి తగిలిన పాదం అంచున అర్ధచంద్రం, మిగతా చోట చెదురుమదురు గుంటలు, గంగాళం గుండ్రటి గోడకి ఆ అర్ధచంద్రం సరిగ్గా సరిపోయింది, పెట్టి చూశా.

నీళ్ల సంగతి కూడా చూద్దామని కరిగిన లవణాలన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటర్ ముంచితే బోరు నీళ్లు లీటరుకి 1,600 మిల్లీగ్రాముల పైన చూపించాయి. తాగే నీళ్లకి మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ స్టాండర్డ్‌లో కోరదగిన హద్దు 500, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా. కానీ టీడీఎస్ ఒక్కటే చూస్తే అందులో సున్నం ఎంతో ఉప్పు ఎంతో తెలియదు. అందుకే చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో కొన్న సిల్వర్ నైట్రేట్ ద్రావణం నా కిట్‌లో ఉంటుంది. గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని ముందు డైల్యూట్ నైట్రిక్ యాసిడ్ ఒకటి రెండు చుక్కలు వెయ్యాలి, లేకపోతే కార్బొనేట్ కూడా తెల్లగా విరిగి మోసం చేస్తుంది, ఆ తర్వాత సిల్వర్ నైట్రేట్ చుక్క. బోరు నీళ్లు పాలలా అయిపోయాయి. పక్కనే ఆర్వో నీళ్లు, పల్చటి పొగలా మసక, అంతే. ఇది కొలత కాదు, తేడా చూపించే పరీక్ష మాత్రమే, అక్కకి కళ్లముందు చూపించడానికి ఇంతకన్నా మంచిది లేదు. చేతికి అంటితే నల్ల మచ్చ పడుతుంది, గ్లౌజు వేసుకోండి. తీరం పక్కన బోర్లు ఇలా ఉండటంలో వింతేం లేదు, ఉత్తరాన మీంజూరు వైపు భూగర్భ జలాల్లోకి సముద్రపు నీళ్లు చొరబడిన సంగతి దశాబ్దాల నుంచి తెలిసిందే.

మరి బూడిద గీతల సంగతి? దానికి కారణం వంటింట్లో దొరికింది. అచ్చుకి అంటుకున్న మైనం వదలడానికి అక్క ఏం చేస్తోందంటే వేడి నీళ్లల్లో బట్టల సోడా గుప్పెడు వేసి డైలు నానబెట్టేది, రాత్రంతా. మైనం బ్రహ్మాండంగా వదిలేది. దాంతో పాటు అల్యూమినియం కూడా! నమ్మకపోతే చూడమని ఒక పాత డై అడుగున వేడి సోడా నీళ్లు చుక్క వేశా, కాసేపటికి సన్న బుడగలు రావడం మొదలైంది, అది హైడ్రోజన్. తుడిస్తే ఆ చుక్క మేర మెరుపు పోయి నల్లగా మసకబారింది. స్క్రాప్ పోతలో రాగి, ఇనుము, సిలికాన్ అన్నీ కలిసి ఉంటాయి, సోడా అల్యూమినియంని కరిగించేస్తే ఇవి కరగకుండా పైన నల్లటి మసిలా మిగిలిపోతాయి. ఆ మసే కొవ్వొత్తికి అంటుకునే బూడిద గీత. లోపలి గాడి నునుపు పోయి గరుకు అవ్వడం వల్లే కొవ్వొత్తి ఊడటం లేదు. మూడు కంప్లయింట్లలో రెండు సోడా వల్ల వచ్చినవే, సముద్రపు గాలికి సంబంధమే లేదు.

ఇదే సందర్భంలో చెప్పేస్తా, కాస్టిక్ సోడాతో సబ్బులు చేసేవాళ్లు, సింక్ పైపులు క్లియర్ చేసే పౌడర్లు వాడేవాళ్లు అల్యూమినియం దగ్గరికి వాటిని రానివ్వకండి. అది బట్టల సోడా కన్నా చాలా రెట్లు గట్టిది, మూత పెట్టిన డబ్బాలో అయితే హైడ్రోజన్ నిండి పేలే ప్రమాదం కూడా ఉంది.

కడగడం

మైనం తీయడానికి సోడా అక్కర్లేదు, వేడి చాలు. డైని హీట్ గన్‌తో 70 డిగ్రీల దాకా వేడి చేసి బనియన్ వేస్ట్‌తో తుడిస్తే తొంభై పాళ్లు వచ్చేస్తుంది, మిగిలింది డై చల్లారాక టర్పెంటైన్ తడిపిన గుడ్డతో. చల్లారాక అన్నది వట్టి మాట కాదు, వేడి డై మీద టర్పెంటైన్, పక్కన మైనం కరిగే స్టవ్వు, అంతకన్నా చెప్పక్కర్లేదు.

తెల్ల పొడికి నిమ్మ ఉప్పు. లీటరు ఆర్వో నీళ్లకి 50 గ్రాములు, గోరువెచ్చగా, ప్లాస్టిక్ టబ్బులో పావుగంట, నైలాన్ బ్రష్‌తో రుద్దడం. ఇడ్లీ పాత్ర అడుగున నీళ్లల్లో నిమ్మ చెక్కో చింతపండో వేస్తే పాత్ర నల్లబడదని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు, కెమిస్ట్రీ ఆ దారిలోదే. కానీ ఒకటి, ఎండి గట్టిపడ్డ తెల్ల పొడి ఇందులో పూర్తిగా కరగదు, మెత్తబడుతుంది, మిగతాది వెదురు పుల్లతో గుంటల్లోంచి తోడాల్సిందే. ఇనుప పీచు వద్దు. దాని ముక్కలు అల్యూమినియంలో ఇరుక్కుని అక్కడ తుప్పు పట్టి కొత్త గుంటలకి దారి తీస్తాయి. ఎర్ర చుక్కలున్న గుంటల్లో మాత్రం గీకే చిన్న బర్ బిట్టుతో రాగి కనిపించకుండా పోయేదాకా తీసేశా, రాగి అక్కడే వదిలేసి పైన ఏం పూసినా దండగ.

లోపలి గాడికి మెటల్ పాలిష్. ఇక్కడ చాలామంది ఆగకుండా రుద్దుతూనే ఉంటారు, గుడ్డ నల్లగా వస్తోంది ఇంకా మసి ఉంది అనుకుని. అల్యూమినియంని పాలిష్‌తో ఎంతసేపు రుద్దినా గుడ్డ నల్లగానే వస్తుంది, అది మసి కాదు, మెటలే అరుగుతోంది. అసలు పరీక్ష, పాలిష్ అంతా పోయేలా కడిగి ఆరబెట్టాక పొడి తెల్ల గుడ్డతో గట్టిగా తుడవండి, గుడ్డ తెల్లగా ఉంటే మసి పోయినట్టు.

ఆఖరి కడుగుడు ఆర్వో నీళ్లతోనే. తర్వాత ఆరబెట్టడం, అక్క అయితే ఎండలో పెడితే సరిపోదా అంది. పైకి సరిపోతుంది. డోవెల్ పిన్ను కన్నంలో, కీలు స్క్రూల కింద, వింగ్ నట్టు మరల్లో నీళ్లు ఎండలో పోవు. కంప్రెసర్ గాలితో కన్నాలన్నీ ఊది, పాత ఓటీజీ ఓవెన్‌లో 80-90 డిగ్రీల దగ్గర అరగంట. పిన్నులు పీకేసి విడిగా శుభ్రం చేసి గ్రీజు రాసి పెట్టా, ఇత్తడి కీళ్లు తీసేసి స్టెయిన్‌లెస్ వేసి మధ్యలో నైలాన్ వాషర్లు ఇచ్చా. స్టెయిన్‌లెస్ కూడా అల్యూమినియంని తినిపించే జాతే, కాకపోతే చిన్న స్క్రూ, పెద్ద డై అన్నప్పుడు, మధ్యలో గ్రీజు ఉన్నప్పుడు ఆ దెబ్బ చాలా తక్కువ.

ఏం పూయాలి

ఇంటర్నెట్లో చూస్తే తలా ఒక మందు చెప్తారు. అందుకని పగిలిపోయిన ఒక పోత డైని ముక్కలు కోసి, అన్నిటినీ ఒకేలా శుభ్రం చేసి, ఒక్కో ముక్కకి ఒక్కోటి పూసి అక్క షెడ్డులోనే వాన తగలకుండా గాలి తగిలేలా వేలాడదీశాం, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఒకటి ఏమీ పూయనిది, ఒకటి కొబ్బరి నూనె (అక్క పద్ధతి), ఒకటి కుట్టు మెషిన్ నూనె, ఒకటి కార్లకి వాడే కార్నౌబా పేస్టు వాక్స్, ఒకటి అక్క కొవ్వొత్తి మైనమే వేడిగా రుద్దినది.

ఏమీ పూయని ముక్కకి కింది అంచున, క్లిప్పు పట్టిన చోట చుక్కలు వచ్చాయి, మిగతా అంతా కొంచెం మసకబారింది అంతే. అంటే ఆ గాలికి కూడా ఖాళీగా వేలాడే అల్యూమినియం మరీ ఘోరంగా ఏం పాడవ్వలేదు, తడి నిలిచే చోటే పాడైంది. కొబ్బరి నూనె జిగురైపోయి దుమ్ము అంతా పట్టింది, దాని కింద వేలిముద్రల ఆకారంలో మరకలు, బహుశా పూసేటప్పుడు చేతి చెమట లోపలే ఉండిపోయి ఉంటుంది. మెషిన్ నూనె మొదట్లో బాగుంది, తర్వాత కిందికి జారిపోయి పై అంచు పొడిబారి అక్కడ చుక్కలు. కార్నౌబా వాక్స్ అన్నిట్లోకి బాగుంది. కొవ్వొత్తి మైనం చదును చోట్ల దానికి సమానంగా నిలబడింది కానీ మూలల్లో, అంచుల్లో పెచ్చు లేచింది. ఇది ఒక్క షెడ్డులో ఒక్క సీజన్ పరీక్ష, దీన్ని పట్టుకుని సైన్స్ అనకండి, కానీ మా నిర్ణయానికి ఇది చాలు.

కాబట్టి లోపలి గాడికి అక్క మైనమే. డైని 70 డిగ్రీలకి వేడి చేసి శుభ్రమైన తెల్ల మైనం ముంచిన నూలు గుడ్డతో ఒకసారి తుడిచి, వేడి మీదే పొడి గుడ్డతో రుద్దెయ్యాలి, కంటికి పొర కనిపించకూడదు. మళ్లీ వాడేటప్పుడు కడగక్కర్లేదు, మొదటి కొవ్వొత్తిలోనే కలిసిపోతుంది, కొవ్వొత్తికి నూనె మరక పడుతుందన్న గొడవ కూడా ఉండదు. బయటి పక్కలకి, అంచులకి కార్నౌబా, అందులో అరగదీసే పౌడర్ లేనిదే కొనాలి, డబ్బా మీద క్లీనర్ వాక్స్ అని ఉంటే వద్దు. కలిసే ముఖాలకి మాత్రం అతి పల్చగా, మందంగా ఉంటే డై పూర్తిగా మూసుకోక కొవ్వొత్తికి పక్కన రెక్కలు వస్తాయి. డబ్ల్యూడీ-40 గురించి అక్క అడిగింది, అందరూ అడుగుతారు. తడిని తోసెయ్యడానికి బాగా పనికొస్తుంది, నెలల తరబడి కాపాడే పూత అనుకుని కొడితే మాత్రం లాభం లేదు.

దాచడం, చల్లబెట్టడం

పండగ అయిపోయాక సెప్టెంబర్ నుంచి క్రిస్మస్ ఆర్డర్లు మొదలయ్యే దాకా డైలు ఖాళీ, సరిగ్గా వానలు మొదలయ్యేదీ అప్పుడే. రోజూ మైనం పోసే డై వేడెక్కుతూ మైనం పట్టుకుంటూ ఉంటుంది, దానికేం కాదు, పని లేక కూర్చున్న డైనే పాడవుతుంది.

న్యూస్ పేపర్, అట్టపెట్టె, చెక్క పెట్టె అన్నీ తీసేయించా. పేపర్, అట్ట తేమ పీలుస్తాయి, చెక్క అయితే దానికి తోడు ఆమ్లపు ఆవిరి కూడా వదులుతుంది. రబ్బరు అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు రెండు, అందులో ప్లేట్లు నిలబెట్టే ప్లాస్టిక్ స్టాండులు, రెండు సగాలు బిగించకుండా విడివిడిగా, మధ్యలో వేలు పట్టేంత ఖాళీ. డబ్బాకి పావు కిలో సిలికా జెల్, నారింజ రంగుది, నీలం దాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, ఇంట్లో పిల్లలు తిరిగే చోట వద్దు. లోపల తేమ చూపించే చిన్న హైగ్రోమీటర్. తేమ 45 శాతం దాటితే జెల్ తీసి 120 డిగ్రీల దగ్గర ఓటీజీలో రెండు గంటలు వేయించి చల్లార్చి మళ్లీ పెట్టడం. తుప్పుని ఆపే ఆవిరి వదిలే వీసీఐ కవర్లు వాడాలనుకుంటే వాడొచ్చు కానీ చాలావరకు ఇనుము కోసం చేసినవే దొరుకుతాయి, అల్యూమినియంకి పనికొస్తుందని రాసి ఉంటేనే కొనండి.

చల్లబెట్టే విషయంలో అక్కకీ నాకూ పెద్ద వాదనే జరిగింది. ఫ్యాన్ గాలికి చల్లబెట్టమన్నా, ఆర్డర్ టైంలో అంతసేపు కుదరదంది, న్యాయమే. సరే, గంగాళం పక్కన పెట్టించి ప్లాస్టిక్ టబ్బులో ఆర్వో నీళ్లు పెట్టించా. అక్కడ అక్క తెలివిగా ఒక ఐడియా వేసింది, ఆర్వో మెషిన్ నుంచి వృథాగా పోయే నీళ్లు ఉన్నాయిగా, అవి పట్టి వాడేద్దాం అని.

"వద్దక్కా! ఆ నీళ్లల్లోనే ఉప్పు అంతా ఉండేది. బోరు నీళ్ల కన్నా అవే ఎక్కువ ఉప్పగా ఉంటాయి."

మీటర్ ముంచి చూపించాక గానీ వదల్లేదు. గిన్నెలకీ నేల తుడవడానికీ వాడుకో అన్నా.

ఇంకోటి చెప్పకపోతే ఈ కేసు పూర్తి కాదు, చిన్న డైలు త్వరగా ఊడాలని ఫ్రిజ్‌లో పెట్టి తీయడం. చెన్నైలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున మంచు బిందువు సుమారు 26 డిగ్రీలు, అంటే 26 కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు బయటికి తెచ్చినా దాని మీద నీళ్లు పడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన డై మాటే అక్కర్లేదు, 24 మీద ఏసీ ఉన్న గదిలోంచి తెచ్చినా చెమర్చుతుంది. ఈ నీళ్లల్లో ఉప్పు లేదు కదా అనొచ్చు, కానీ డై మీద అప్పటికే పడి ఉన్న ఉప్పు గాలి దుమ్ముని ఇవే కరిగిస్తాయి, ఆరకముందే సగాలు మూసేస్తే లోపలే ఉండిపోతాయి. ఫ్రిజ్ మానడం అక్క వల్ల కాలేదు, అందుకని జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టడం, తీశాక డై గది వేడికి వచ్చేదాకా కవర్ తెరవకపోవడం, అప్పుడు నీళ్లు కవర్ మీద పడతాయి గానీ డై మీద పడవు.

ఇప్పుడు ఎలా ఉంది

వానల సీజన్ అయ్యాక డబ్బాలు తెరిచి చూస్తే 6061 డైలు మూడూ మచ్చ లేకుండా ఉన్నాయి. పోత డైల్లో కొత్త గుంటలు లేవు, ఒకదానికి మాత్రం డోవెల్ కన్నం అంచున తెల్ల చుక్క మళ్లీ వచ్చింది, పిన్ను పీకి చూస్తే గ్రీజు సరిగ్గా లోపలిదాకా చేరలేదు. బూడిద గీతలు పోయాయి. ఊడకపోవడం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, సోడా తిన్న గరుకుని పాలిష్‌తో కొంతవరకే సరిచేయగలం, అంతకు మించి రుద్దితే కొవ్వొత్తి సైజు మారిపోతుంది.

గంగాళం అర్ధచంద్రం పడ్డ డైల్లో ఒకటి బాగుపడే స్థితిలో లేదు, కలిసే ముఖం అంచు దాకా గుంటలు వెళ్లిపోయి మైనం కారిపోతోంది. ముఖం మిల్లింగ్ చేసి దించొచ్చు, అలా చేస్తే గుండ్రటి కొవ్వొత్తి కోలగా వస్తుంది. అక్క దాన్ని పాత సామానుకి వేసెయ్యలేదు, ముఖాలు దించేసి కోల కొవ్వొత్తిగానే రంగులేసి అమ్ముతోంది, ఎవరూ ఏమీ అనలేదట.

అనోడైజింగ్, అంటే కరెంటుతో ఆక్సైడ్ పొరని మందంగా పెంచడం, ఆ ప్రశ్న చివర్లో వచ్చింది. చేయిస్తే ఈ పూతల గొడవ చాలావరకు తప్పుతుంది, 10 నుంచి 15 మైక్రాన్ల పొర, దాని సన్న రంధ్రాలు మూసే సీలింగ్ చేయించి. ఆ పొరలో కొంత భాగమే పైకి పెరుగుతుంది, కొవ్వొత్తికి ఆ తేడా లెక్కలోకి రాదు. ఇంట్లో సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టి పెట్టుకుని చేద్దామనే వీడియోలు చూసి మేడ మీద మొదలుపెట్టకండి, యాసిడ్ పొగలు ఒక పక్క, వాడేసిన యాసిడ్ ఎక్కడ పోస్తారన్నది ఇంకో పక్క. అంబత్తూరులో జాబ్ వర్క్ చేసేవాళ్లు ఉన్నారు, ఇచ్చే ముందు ఉక్కు పిన్నులు, స్క్రూలు అన్నీ పీకి ఇవ్వాలి, ఆ యాసిడ్ తొట్టి ఉక్కుని తినేస్తుంది. ఇంకో సంగతి, అనోడైజింగ్ చేసినా బట్టల సోడా దగ్గరికి పోకూడదు, ఆ పొర కూడా ఆక్సైడే, క్షారానికి అదీ కరుగుతుంది. పోత డైలకి నేను వద్దన్నా, సిలికాన్, రాగి ఎక్కువున్న స్క్రాప్ పోతకి పొర సమంగా రాదు, ముదురు బూడిద రంగులో అట్టలు అట్టలుగా వస్తుంది. 6061 డైలు మూడింటిని పంపుదామన్నా, వేళాంగణ్ణి పండగ ఆర్డర్లు అయ్యేదాకా ఒక్కటి కూడా బయటికి ఇవ్వనంది, కాబట్టి అవి సెప్టెంబర్ రెండో వారంలో వెళ్తాయి.